కార్ల బందెలదొడ్డి

సోమేశ్వరపట్నం నగరపాలక సంస్థలో సీనియర్ అసిస్టెంటు పంపన గవర్రాజు రాసిన ఉత్తర్వు ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్కటి కూడా కోర్టులో ఓడిపోలేదు. ఇదంతా ఆయన తెలివితేటల వల్ల అనుకుంటే పొరపాటు. ఆయన ఏనాడూ సొంతంగా ఒక్క వాక్యం రాసిన పాపాన పోలేదు. కొత్త ఉత్తర్వు కావాలని పైనుంచి కబురొస్తే చాలు, రికార్డు గదిలో దూరి, దానికి దూరపు చుట్టమైనా సరే ఒక పాత ఫైలు పట్టుకొచ్చి, దుమ్ము దులిపి, పేర్లూ తేదీలూ మార్చి పెట్టేవాడు. ఒకసారి చెల్లిన మాట మళ్ళీ చెల్లుతుంది, కొత్త మాట ఎప్పుడు ఎవరి ఉద్యోగం తింటుందో ఎవరికి తెలుసు అని ఆయన సిద్ధాంతం. ఆఫీసు భాషలో దీన్ని పూర్వ నిదర్శనం అంటారు.

ఈ పద్ధతిలో చిన్న చిన్న ఇబ్బందులు లేకపోలేదు. ప్లాస్టిక్ సంచుల నిషేధానికి ఆయన పాత సారా నిషేధం ఫైలు వాడాడు. దాంతో మొదటి నెలంతా కూరగాయల సంచీ పట్టుకున్న వాళ్ళను ఆపి సిబ్బంది నోరు వాసన చూశారు. దోమల నివారణ ఉత్తర్వు మిడతల ఫైల్లోంచి పుట్టింది కాబట్టి ప్రజలు సాయంత్రాలు డప్పులు కొట్టి దోమల్ని తరమాల్సి వచ్చింది. అయినా కోర్టులో ఎవరూ తప్పు పట్టలేకపోయారు. గవర్రాజుకి కావలసిందీ అదే.

ఇలా ఉండగా గడియారం సెంటర్లో గాలిని కొలిచే యంత్రం ఒకటి పెట్టారు. దానికి పైన ఒక దీపాల బోర్డు. గాలి బాగుంటే పచ్చ, బాగా లేకపోతే ఎరుపు. పెట్టిన రోజునుంచీ అది ఎర్రగానే వెలుగుతోంది. మొదటి మూడు రోజులూ జనం అది ఏదో నగల కొట్టు ప్రకటన అనుకుని ఊరుకున్నారు. నాలుగో రోజు పేపర్లో పడింది. ఐదో రోజు కమిషనర్ గారు ఎక్కడో పెద్ద నగరంలో గాలి మీద జరిగిన సదస్సునుంచి, మెడలో బిళ్ళతో సహా, నేరుగా ఆఫీసుకొచ్చి గవర్రాజుని పిలిపించారు.

ఊపిరి అనే అంశాన్ని అత్యంత ప్రాధాన్య ప్రాతిపదికన చేపట్టాలని నిర్ణయించామనీ, ఊపిరి విషయంలో ఎలాంటి కాలయాపననూ ఉపేక్షించబోమనీ ఆయన సెలవిచ్చారు. ఊళ్ళో కార్లు సగానికి తగ్గాలి. బేసి తేదీన బేసి అంకెతో ముగిసే నంబరు కార్లూ, సరి తేదీన సరి అంకెవీ మాత్రమే రోడ్డెక్కాలి. తప్పినవాటిని పట్టుకోవాలి. ఉత్తర్వు సాయంత్రంలోగా బల్ల మీద ఉండాలి.

గవర్రాజు రికార్డు గదిలో కార్ల కోసం వెతికాడు. కార్ల మీద పాత ఫైలు లేదు. ఉత్తర్వులు రాసేవాళ్ళకే కార్లుండగా వాటి మీద ఉత్తర్వు ఎవరు రాస్తారు? మధ్యాహ్నం మూడు గంటలకి అట్టడుగు బీరువాలో చెదలు సగమే తిన్న కట్ట ఒకటి దొరికింది. పందొమ్మిది వందల యాభై ఎనిమిది నాటి 'నగర వీధులలో స్వేచ్ఛగా సంచరించు పశువుల నివారణ నియమావళి'. చదువుతుంటే ఆయనకి ఒళ్ళు పులకరించింది. వీధులకు అడ్డంగా నిలుచుట, పాదచారులను భయపెట్టుట, యజమానుల నిర్లక్ష్యము, పట్టి బందెలదొడ్డికి తోలుట, అన్నీ ఉన్నాయి. బందెలదొడ్డి అంటే ఊరి మీద పడి తిరిగే గొడ్లను పట్టుకొచ్చి కట్టేసే చోటు. కాలవ వంతెన దగ్గర ఆ దొడ్డి ఇప్పటికీ ఉంది. గొడ్లు మాత్రం లేవు.

ఇరవై రెండు నిబంధనల్లో ఆయన ఒక్క అక్షరం ముట్టుకోలేదు. పైన కమిషనర్ గారి సరి బేసి ముక్క పెట్టి, కింద ఒకే ఒక్క మాట, అదీ ఇంకో పాత ఫైల్లోంచి ఎత్తినదే, చేర్చాడు. 'ఈ నియమావళిలో పశువు అని ఉన్న చోటనెల్ల కారు అని చదువుకొనవలెను.' కమిషనర్ గారు ఆ మాట మాత్రమే చదివి, క్లుప్తత అంటే ఇదీ అని మెచ్చుకుని సంతకం పెట్టారు. కౌన్సిల్ సమావేశంలో టిఫిను చల్లారిపోతోందన్న తొందరలో అది ఏకగ్రీవంగా నెగ్గింది. ఎవరూ చదవలేదు. చదవని ఉత్తర్వుకి వ్యతిరేకంగా చెయ్యెత్తిన సభ్యుడు ఆ సభలో ఇంతవరకూ పుట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వంతెన దగ్గర తనిఖీ కేంద్రం వెలిసింది. పక్కనే దొడ్డి గేటు తెరిచారు. దొడ్డి కాపలాదారు ఏసుపాదం. పన్నెండేళ్ళుగా అక్కడికి ఒక్క దూడ కూడా రాకపోయినా, ఉద్యోగం ఎవరూ రద్దు చెయ్యలేదు కాబట్టి రోజూ వచ్చి ఖాళీ దొడ్డికి కాపలా కాసి వెళ్తున్నాడు. మొదటి రోజే పదహారు కార్లు వచ్చేసరికి అతనికి ప్రాణం లేచొచ్చింది. నియమం ప్రకారం రెండు పూటలా మేత, నీళ్ళు పెట్టాలి. తోపుడు బండి మీద పచ్చగడ్డి తెచ్చి ఒక్కో కారు ముందు ఒక్కో మోపు వేసి, పక్కన బకెట్టుతో నీళ్ళు పెట్టాడు. మూడో రోజున ఆడిట్ వాళ్ళొచ్చి, మేత తినకుండా మిగిలిపోవుటకు కారణమేమి అని రాసి వెళ్ళారు. ఆ మీదట లా ఆఫీసరు శేషగిరి కలగజేసుకుని, కారు విషయంలో మేత అనగా పెట్రోలు అని వివరణ ఇచ్చాడు.

ఏడో నిబంధన దగ్గర అసలు కథ మొదలైంది. కట్టేసి ఉంచితే పశువులకి కీళ్ళు పట్టేస్తాయి గనక పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వాటిని దొడ్డిలో తిప్పాలి. దానికోసం కారుకి ఒకరి చొప్పున డ్రైవర్లను వేశారు. యజమాని దగ్గరున్నప్పుడు ఆఫీసుకి పావుగంట, ఇంటికి పావుగంట నడిచిన కారు, సర్కారు చేతిలో పడ్డాక రోజుకి నాలుగు గంటలు గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. వారం తిరిగేసరికి దొడ్డిలో నూట అరవై కార్లు. పైన పొగ గొడుగు పట్టినట్టు నిలబడింది. పక్క వీధిలో టైలరింగు కొట్ల వాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని మిషన్లు తొక్కారు. దగ్గి దగ్గి అర్జీ పెట్టుకుంటే, దొడ్డిలోని కార్లు రోడ్డు మీద లేవు కాబట్టి అవి కాలుష్యం లెక్కలోకి రావని కమిషనర్ గారు స్పష్టం చేశారు.

దొడ్డిలోని పశువులను రోజూ పశువైద్యులు పరీక్షించాలని ఇంకో నిబంధన. అందుకని పశువుల ఆస్పత్రినుంచి డాక్టర్ మెహరున్నీసాని అక్కడికి వేశారు. ఆస్పత్రిలో ఈనలేక అవస్థ పడుతున్న గేదెల్ని వదిలేసి వచ్చి, ఆవిడ రోజూ నూట అరవై బానెట్ల మీద స్టెతస్కోపు పెట్టి, 'మేత తీసుకుంటోంది. దగ్గు ఉంది' అని రాసేది. మొదట్లో కోపంగా రాసేది. తరవాత నవ్వుతూ రాసింది. ఆ తరవాత ఏమీ అనిపించకుండా రాయడం అలవాటైంది. ప్రభుత్వోద్యోగంలో మూడో మెట్టు అదే.

ఇక తొమ్మిదో నిబంధనని కనిపెట్టింది మూడో వార్డు కార్పొరేటరు. అందులో ఏముందంటే, దేవుడి పేర అచ్చు వేసి వదిలిన ఆంబోతులను ఎవరూ పట్టరాదు, కట్టరాదు, అదిలించరాదు. ఆయన ఆ సాయంత్రమే సోమేశ్వరస్వామి గుడి ముందు తన కారు పెట్టించి బానెట్ మీద త్రిశూలం అచ్చు వేయించాడు. రంగుతో వేస్తే చాలదా అని బతిమాలితే, నియమంలో కాల్చిన కడ్డీ అని ఉంది గనక కాల్చిన కడ్డీయే అని శేషగిరి పట్టుబట్టాడు. మర్నాటికి గుడి ముందు బారు కట్టారు. కార్పొరేటర్లు, కాంట్రాక్టర్లు, వాళ్ళ బావమరుదులు, సరి బేసి పథకం సలహా సంఘం సభ్యులు, అందరూ వరసలో నిలబడి ఖరీదైన కార్లకి వాతలు పెట్టించుకున్నారు. అచ్చోసిన ఆంబోతులా తిరుగుతున్నాడనడం సోమేశ్వరపట్నంలో పెద్ద తిట్టు. ఆ వారంనుంచి అది హోదా అయింది. అచ్చున్న కారు ఏ తేదీనైనా తిరగొచ్చు, ఎదురు దారిలో రావొచ్చు, అరటిపళ్ళ బండి మీద పడ్డా ఎవరూ హుష్ అనకూడదు.

నెల తిరిగినా గడియారం సెంటర్లో ఎర్రదీపం ఆరలేదు. చుట్టూ అచ్చోసిన కార్లు తిరుగుతుంటే యంత్రం నిష్పాక్షికంగా పని చేయలేకపోతోందని ఒక ఉపసంఘం తేల్చింది. దాన్ని పీకి పురపాలక ఉద్యానవనంలో కొలను మధ్య దిమ్మ మీద పెట్టారు. అక్కడ పచ్చదీపం వెలిగింది. ఊరి గాలి బాగుపడిన సందర్భంగా ఇరవయ్యో తేదీన 'కార్లు తగ్గిద్దాం, ఊపిరి పెంచుదాం' అని బ్రహ్మాండమైన ఊరేగింపు నిశ్చయమైంది.

ఆ ఇరవయ్యో తేదీయే గవర్రాజు ఇంట్లో నెల రోజులుగా నలుగుతున్న తేదీ. ఒక్కగానొక్క కూతురు నీరజ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. అల్లుడు రైల్వేలో ఉద్యోగం, నాగపూర్‌లో ఉంటాడు. డాక్టరమ్మ చెప్పింది ఇరవయ్యో తేదీ. గవర్రాజు కారు నంబరు చివర ఏడు. ఇరవై సరి, ఏడు బేసి. దీనికి అచ్చు ఒక్కటే మార్గమని భార్య మాణిక్యం పట్టుబట్టింది. ఊళ్ళో అడ్డమైన వాళ్ళూ వేయించుకున్నారు, ఆఫీసులో ఇన్నేళ్ళు చేసిన మీకు ఒక్క వాత దొరకదా అని అడిగింది. తను రాసిన నియమం తనే తప్పించుకుంటే రేపు ఆఫీసులో తల ఎలా ఎత్తుకోవాలి అని గవర్రాజు. అంబులెన్సు ఉంది, ఆటోలున్నాయి, కంగారెందుకన్నాడు.

"మీ తల ఎత్తుకోడం తరవాత," అంది మాణిక్యం, "ముందు పిల్ల బయటికి రావాలి కదండీ."

ఆయన వినలేదు. వినుంటే ఈ కథ లేదు.

ఇరవయ్యో తేదీ పొద్దున పదిన్నరకి నీరజకి నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, పాపం డ్రైవరు మర్యాదగానే మాట్లాడాడు. ఊరేగింపు వెనకాల చిక్కుకుపోయామండీ, ముందు నూట నలభై అచ్చోసిన కార్లున్నాయి, హారన్ కొట్టడానికి కూడా నియమం ఒప్పుకోదంటున్నారు అన్నాడు. ఆటోల కోసం మాణిక్యం వీధి చివరిదాకా పరిగెత్తింది. కార్లు తగ్గించమని నినాదాలు చెయ్యడానికి మనుషుల్ని తీసుకెళ్ళాలని ఆటోలన్నీ తెల్లారే పట్టుకుపోయారట. నీరజ మంచం కోడు పట్టుకుని పళ్ళు బిగించి ఉంది. కూతురి మొహం చూశాక గవర్రాజుకి ఉత్తర్వు, కోర్టు, తల ఎత్తుకోవడం అన్నీ మరుపున పడ్డాయి. తల్లీకూతుళ్ళను వెనక సీట్లో కూచోబెట్టుకుని ఏడుతో ముగిసే కారు తీశాడు.

వంతెన దగ్గర ఆపారు. తనిఖీ అధికారి కుర్రాడేమీ కాదు, నలభై ఏళ్ళ మనిషి. ఈ నియమావళి మీద సిబ్బందికి గవర్రాజు స్వయంగా ఒక పూట క్లాసు తీసుకున్నప్పుడు ముందు వరసలో కూచుని నోట్సు రాసుకున్నవాడు. ఆయన్ని చూసి నమస్కారం పెట్టాడు. తరవాత నంబరు చూశాడు. దొడ్డికి తోలాలి సార్ అన్నాడు.

గవర్రాజు వెనక సీటు చూపించాడు. అధికారి చూశాడు, మొహం కూడా తిప్పుకున్నాడు, పాపం అతనికీ పిల్లలున్నారు. కానీ క్లాసులో మీరే చెప్పారు కదండీ, ఉత్తర్వులో ఉన్నదే చెయ్యండి, బుర్ర వాడకండి అని, అంటూ నోట్సు తీసి ఆ మాట ఎర్ర సిరాతో గీత గీసుకున్న చోటు చూపించాడు. గవర్రాజు చదివాడు. నిజమే, ఆ మాట తనదే. తను జీవితంలో సొంతంగా చెప్పిన మాట అదొక్కటే కాబోలు. అప్పుడు తళుక్కున ఆయనకి పదకొండో నిబంధన గుర్తొచ్చింది.

"పదకొండు చూడండి. చూలుతో ఉన్న పశువును దొడ్డికి తోలరాదు. పశువు అని ఉన్న చోట కారు అని చదువుకోవాలి. ఈ కారు చూలుతో ఉంది."

అధికారి పుస్తకం తీసి చదివాడు. ఆనందంతో అతని మొహం విప్పారింది. నిజమే సార్, ఉంది, వదిలెయ్యొచ్చు అన్నాడు. అంతలోనే కింద సన్నక్షరాలు కనిపించాయి. చూలుతో ఉన్నదని పశువైద్యులు ధ్రువీకరించవలెను. పశువైద్యులు ఎక్కడున్నారు? దొడ్డిలో. దొడ్డిలో ధ్రువపత్రం తీసుకుంటే దొడ్డికి పోనక్కర్లేదు. కాబట్టి దొడ్డికి పదండి.

గేటు లోపలికి కారు వెళ్ళేసరికి దొడ్డిలో పొద్దుటి తిప్పుడు జరుగుతోంది. పొగలోంచి దగ్గుకుంటూ వచ్చిన డాక్టర్ మెహరున్నీసా అలవాటు ప్రకారం బానెట్ మీద స్టెతస్కోపు పెట్టబోయింది. లోపలినుంచి నీరజ కేక వినిపించి ఆగింది. వెనక తలుపు తీసి ఒక్క చూపు చూసి, ఆస్పత్రికి చేరే వ్యవధి లేదంది. ఏసుపాదంతో తిప్పుడు ఆపించమని చెప్పి, తన పెట్టె తెప్పించి, నీళ్ళు కాచమంది. తరవాత నీరజ చెయ్యి పట్టుకుంది.

"భయపడకమ్మా. నా చేతి మీద నాలుగొందల పురుళ్ళు జరిగాయి. ఒక్కటీ మనుషులది కాదు, అంతే తేడా. నేను చెప్పినప్పుడు ఊపిరి బిగపట్టు."

గవర్రాజు కారు అవతల నిలబడి, నూట అరవై కార్ల మధ్య, అన్ని దేవుళ్ళకీ మొక్కాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన రికార్డు గది వైపు కాక ఇంకో దిక్కు చూసి దణ్ణం పెట్టడం అదే మొదటిసారి. పన్నెండు కావస్తుండగా వెనక సీట్లోంచి సన్నగా ఏడుపు వినపడింది. ఆడపిల్ల. మాణిక్యం కళ్ళొత్తుకుంటూ చీర చెంగులో చుట్టి చూపించింది. పిల్ల పిడికిలి బిగించుకుని, దొడ్డి గాలి తగిలి రెండుసార్లు తుమ్మింది. ఆ క్షణంలో గవర్రాజు ఎంత సంతోషపడ్డాడంటే, తన ఉత్తర్వే ఇక్కడ పశువైద్యురాల్ని పెట్టించిందని గర్వం కూడా కాస్త కలిగింది.

ఆ గర్వం పావుగంట ఉంది. ధ్రువపత్రం అడిగితే డాక్టరు దగ్గరున్న ఫారం తీసి నింపింది. ఆ ఫారంలో గడులు యాభై ఎనిమిది నాటివే. ఈనిన సమయం పదకొండు యాభై రెండు. పిల్ల ఆడది. తల్లీ పిల్లా క్షేమం. తనిఖీ అధికారి అది చదివి, పుస్తకం తిరగేసి, పద్నాలుగో నిబంధన దగ్గర ఆగిపోయాడు. ఆ నిబంధన గవర్రాజుకి కంఠతా వచ్చు. 'దొడ్డిలో ఉండగా పశువునకు పుట్టినది నగరపాలక సంస్థకే చెందును.'

ఊరేగింపులో ఉన్న శేషగిరికి ఫోన్ వెళ్ళింది. అతను వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగి విషయం పరిశీలించాడు. పుట్టింది నీరజకి గానీ కారుకి కాదని గవర్రాజు వాదించాడు. శేషగిరి నింపాదిగా జవాబిచ్చాడు.

"కారు దొడ్డిలో ఉంది. పిల్ల కారులోంచి వచ్చింది. ఇంతకు మించి పుట్టుక అంటే ఏమిటో మన నియమావళిలో నిర్వచనం లేదు. పైగా ఈ కారు చూలుతో ఉందని ఇక్కడే, సాక్షి ముందు, మీరే అన్నారట."

తల్లి ఎప్పుడైనా వెళ్ళొచ్చు, ఆమె మీద సంస్థకి హక్కు లేదన్నాడు. పిల్ల మాత్రం ఆస్తుల రిజిస్టరులో చేరాలి. కుర్చీలు, బీరువాలు, నీళ్ళ ట్యాంకర్ల కింద ఒక వరస ఖాళీ ఉంది.

రెండు గంటలకి కమిషనర్ గారు నలభై అచ్చోసిన కార్లతో దొడ్డికి విచ్చేశారు. కార్లు ఆపితే ఏసీలు ఆగిపోతాయని ఇంజన్లు ఆపలేదు. డాక్టరు గబగబా కారు అద్దాలన్నీ ఎత్తించింది. కమిషనర్ గారు పరమానందభరితులయ్యారు. సరి బేసి విధానంలో జన్మించిన తొలి శిశువుగా ఈమె సంస్థకి గర్వకారణమని, ఆమె పోషణ, విద్య తదితర అంశాలను సంస్థ దశలవారీగా చేపడుతుందని, ప్రతి ఏటా గాలి దినోత్సవం నాడు ఆమెను శకటం మీద ప్రదర్శిస్తామని పత్రికల వాళ్ళతో చెప్పారు. ఫొటోలు తీశారు. నీరజ పిల్లని గుండెలకి హత్తుకుని, ఫొటోలో మొహం పడకుండా సీటు మూలకి ఒదిగింది.

గవర్రాజు చేతులు జోడించి ఆయన్ని పక్కకి తీసుకెళ్ళాడు. ఇది నా మనవరాలు సార్ అన్నాడు. కమిషనర్ గారు కఠినాత్ములేమీ కారు. ఎంతో సానుభూతితో విన్నారు.

"గవర్రాజు గారూ, మానవీయ కోణంలో నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. దొడ్డిలో పుట్టిన మనిషి పిల్లను విడుదల చేసినట్టు ఒక్క పూర్వ నిదర్శనం తెండి. నిలబడిన పళాన సంతకం పెడతాను."

గవర్రాజు రికార్డు గదికి పరిగెత్తాడు. దొడ్డిలో పుట్టిన దూడలున్నాయి, మేకపిల్లలున్నాయి, అరవై నాలుగులో ఒక గాడిద పిల్ల మీద హైకోర్టు దాకా వెళ్ళిన తగాదా ఉంది. మనిషి పిల్ల లేదు. నాలుగున్నరకి ఆయన తెల్లకాగితం ముందు పెట్టుకుని, పోనీ నేనే రాస్తాననుకున్నాడు. రాయాల్సింది ఎంత? ఇది మనిషి పిల్ల, తల్లికి ఇచ్చెయ్యండి. 'ఇది' అని రాశాడు. తరవాతి మాట దగ్గర కలం ఆగిపోయింది. ఇంతకు ముందు ఎవరూ రాయని వాక్యం రాయడానికి ఆయన చెయ్యి ఒప్పుకోలేదు. ఎన్నో ఉత్తర్వులు రాసిన చెయ్యి, నాలుగు మాటలు రాయలేక చెమట పట్టింది. తన మీద తనకే అసహ్యం పుట్టి గవర్రాజు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

ఒంటి మాట కాగితంతో ఆయన దొడ్డికి తిరిగొచ్చేసరికి సాయంత్రపు తిప్పుడు మొదలైంది. అధికారులు టీ తాగడానికి గేటు బయటికి వెళ్ళారు. పిల్లకి ఈ పొగ మంచిది కాదు, ఇద్దర్నీ వెంటనే ఆస్పత్రిలో చూపించాలి అని డాక్టరు గట్టిగా చెబుతోంది. గవర్రాజు కూతురికి కాగితం చూపించాడు. నీరజ దాని వంక చూడలేదు.

"మీరేం రాశారో నాకక్కర్లేదు నాన్నా. దీన్ని ఇంటికి తీసుకెళ్ళాలి."

అప్పుడు గడ్డి బండి తోసుకుంటూ ఏసుపాదం దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అయ్యగారూ, మీ ఫైల్లో ఎనకగోడ సంగతి లేదాండి?"

ఉంది. ఫైలు చివర, ఇరవై రెండో నిబంధన తరవాత. వెనక గోడకు ఆరు అడుగుల గండి పడినది, మరమ్మతు విషయము పరిశీలనలో ఉన్నది. అరవై మూడులో రాసిన మాట. ఏటా మార్చిలో మరమ్మతుల పట్టీలో ఆ గోడ ఎదురుగా 'పరిశీలనలో ఉన్నది' అని మళ్ళీ రాస్తూనే ఉన్నారు. పదిహేనేళ్ళు గవర్రాజే రాశాడు. ఎప్పుడూ వచ్చి చూడలేదు.

"ఆయ్, మా నాన్న కాసినప్పట్నుంచీ అంతేనండి," అన్నాడు ఏసుపాదం. "ఈ దొడ్లోంచి గేటు గుండా ఎల్లిన గొడ్డు ఒక్కటీ లేదండి. సాయంత్రం అయ్యేసరికి సొంతదారులొచ్చి ఎనక నుంచి తోలుకుపోయేవారు. కార్లే పాపం గోడ దూకలేవు. అవతల కాలవగట్టండి, గట్టు దిగితే పెద్దాసుపత్రి. నడిచెల్తే అయిదు నిమిషాలు."

గోడ గండి గుండా వెళ్ళడానికి ఏ నిబంధన ఒప్పుకుంటుందా అని గవర్రాజు బుర్ర ఇంకా వెతుకుతూనే ఉంది. పిల్ల మళ్ళీ తుమ్మింది. వెతకడం ఆపేశాడు. బండి మీద మిగిలిన పచ్చగడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, నీరజని ఎక్కించారు. పిల్లని డాక్టరు ఎత్తుకుంది, మాణిక్యం పక్కన నడిచింది. ముందు ఏసుపాదం బండి లాగితే వెనక గవర్రాజు తోశాడు. తిరుగుతున్న కార్ల పొగ దట్టంగా ఉండడంతో గేటు దగ్గరివాళ్ళకి ఏమీ కనిపించలేదు. కాలుష్యం ఆ ఊళ్ళో ఒక మనిషికి మేలు చెయ్యడం అదే మొదలు. గట్టు మీదకి చేరాక గాలి మారింది. చంటిపిల్ల కళ్ళు తెరిచింది. ఆస్పత్రిలో అన్నీ చూసి, తల్లీ పిల్లా బాగున్నారన్నారు.

డాక్టర్ మెహరున్నీసా దొడ్డి రిజిస్టరులో 'గోడ గండి గుండా తప్పించుకుపోయినది' అని రాసింది. ఆ గడి కూడా పాత ఫారంలోనే ఉంది. దాంతో పదిహేడో నిబంధన మేలుకుంది. తప్పించుకుపోయినదాని ఆనవాళ్ళతో బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ప్రకటన తయారుచేసే పని, అనుభవజ్ఞుడు గనక, గవర్రాజు బల్ల మీదకే వచ్చింది. పిల్ల ఆచూకీ ఎవరికీ తెలియదా అంటే, ఆఫీసంతా బారసాలకి వచ్చి లడ్డూలు తిని వెళ్ళారు. కమిషనర్ గారు స్వయంగా వెండి గిలక్కాయ ఇచ్చి దీవించారు. అది వేరు, ఫైలు వేరు.

గవర్రాజు పాత నమూనా ముందు పెట్టుకుని నింపాడు. రంగు: చామనఛాయ. కొమ్ములు: లేవు. తోక: లేదు. చెవి గుర్తు: మొన్ననే కుట్టించినారు. చివర 'ఇతర వివరములు' అన్న గడి వచ్చింది. నమూనాలో అది ఖాళీగా ఉంది. ఇంట్లో ఉయ్యాలలో ఉన్న పిల్ల గుర్తొచ్చింది. పక్క సొరుగులోంచి ఒంటి మాట కాగితం తీసి చూసుకున్నాడు. తరవాత కలం ఆపకుండా రాశాడు. 'ఇది మనిషి పిల్ల. వెతకనక్కరలేదు. తప్పు పిల్లది కాదు, ఉత్తర్వుది. ఆ ఉత్తర్వు ఆలోచించకుండా రాసినవాణ్ణి నేను.'

ముప్ఫై ఒక్క ఏళ్ళకి ఆయన రాసిన మొదటి సొంత మాటలవి. కమిషనర్ గారు వాటి కింద ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన రాశారు: 'పూర్వ నిదర్శనం జతపరచి తిరిగి సమర్పించవలెను.'

ఆ ఫైలు ఇప్పటికీ బల్ల నుంచి బల్లకి తిరుగుతోంది. దొడ్డిలో కార్లు పూటకి రెండు గంటల చొప్పున తిరుగుతున్నాయి. ఊళ్ళో అచ్చోసినవి తేదీతో పని లేకుండా తిరుగుతున్నాయి. గవర్రాజు మనవరాలికి మొన్ననే ఎనిమిదో నెల వచ్చింది, పాకుతోంది. సరి తేదీనా బేసి తేదీనా, ఒంటి మీద ఏ వాతా లేకుండా, పొగ అన్నది రాకుండా సోమేశ్వరపట్నంలో తిరుగుతున్నది ప్రస్తుతానికి అదొక్కతే. దాని కోసమే సంస్థ వెతుకుతోంది.